ఖాళీ సీసాల వెంట ఎల్లారెడ్డి దాకా

ఎల్లారెడ్డి వెళ్ళొచ్చానని చెప్తే అందరూ అడిగిన మొదటి ప్రశ్న, నిజాంసాగర్ చూశావా అని. చూడలేదు. మూడు రోజులు తిరిగి ఖాళీ సీసాలు చూసొచ్చాను. ఆ మాట అంటే నవ్వుతారని ఎవరికీ వివరంగా చెప్పలేదు. ఆ వైపు వెళ్ళని వాళ్ళ కోసం ఇక్కడ తీరిగ్గా చెప్తాను.

ముందు నా ఉద్యోగం సంగతి. ఇది రాస్తున్నది ఎనభైల నడుమ. హైదరాబాద్ శివార్లలో వైన్ తయారుచేసే ఒక పెద్ద కంపెనీలో నేను కెమిస్టును. మాకు ఎనిమిది లేబుళ్ళు. అన్నిటికన్నా పైది పెద్ద హోటళ్ళకు వెళ్తుంది, అడుగుది బస్టాండు పక్క దుకాణాలకు వెళ్తుంది. ఒకప్పుడు పైవాటి మీద ఉన్న శ్రద్ధ కిందివాటి మీద ఉండేది కాదు. పీపా పులిసిపోతే అందులో ఇంత పంచదార కలిపి అడుగు లేబుల్లోకి తోసేసేవాళ్ళు. మా యజమానిని మేమంతా పెద్దాయన అంటాం. ఆయన ఒకరోజు ఏ బుద్ధి పుట్టిందో బస్టాండు దుకాణంలో తన అడుగు లేబుల్ తానే కొనుక్కుని తాగాడు. మర్నాడు అందరినీ పిలిచి నిలబెట్టాడు.

"చవక సీసా తాగేవాడికి నాలుక ఉండదని మీకు ఎవరు చెప్పారయ్యా?" అన్నాడు.

ఆ రోజు నుంచి ఎనిమిదింటికీ ఒకటే చట్టం. ద్రాక్షను తూకం చూసి కాదు, తీపి చూసి కొన్నాం. పులిసిన పీపాలు పారబోశాం. వడపోతకు కొత్త యంత్రం వచ్చింది. ప్రతి సోమవారం పొద్దున లేబుళ్ళు కనపడకుండా గ్లాసుల్లో పోసి ఎనిమిదీ నా ముందు పెట్టేవాళ్ళు. నేను వాసన చూసి, పుక్కిలించి, ఉమ్మేసి, తీర్పు చెప్పేవాణ్ణి. నా ముక్కు మీద కంపెనీకి మంచి నమ్మకం. నాకైతే అంతకు రెండింతలు.

ఇంత చేసినా ఏడాదిగా ఒక ఫిర్యాదు వదలడం లేదు. వైన్‌లో కిరసనాయిలు వాసన. ఎక్కడో ఒక సీసాలోనే, కానీ ఏ లేబులూ దానికి అతీతం కాదు. తప్పు వైన్‌లో ఉంటే ఒకే లేబుల్లో రావాలి. అన్నిట్లో వస్తోందంటే తప్పు సీసాది. మేము కొత్త సీసాలతో పాటు, జనం వాడి అమ్మేసిన పాత సీసాలు కూడా కడిగించి నింపేవాళ్ళం. వాసన వచ్చిన సీసాలన్నీ కామారెడ్డి బస్తాల్లోంచి వచ్చినవని తేలింది. కొనుగోళ్ళ మేనేజరు కామారెడ్డి సరుకు వెంటనే ఆపేద్దామన్నాడు. పెద్దాయన నా వైపు చూశాడు. "నువ్వు వెళ్ళి చూసిరా. నువ్వు ఆపమంటే ఆపేస్తాను" అన్నాడు.

రైల్లో

సికింద్రాబాద్‌లో పొద్దున్నే చిన్న రైలు ఎక్కాను. ఎదుటి బల్ల మీద మద్నూర్ వైపు వెళ్తున్న ముసలాయన తలపాగా విప్పి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. భార్యతో మరాఠీలో, నాతో తెలుగులో మాట్లాడాడు. మేడ్చల్ దాటాక ఆవిడ గుడ్డమూట విప్పి జొన్నరొట్టె, ఎల్లిపాయ కారం నా చేతిలో పెట్టింది. మాది తెనాలి దగ్గర పల్లె. మా వైపు రైల్లో ఎవరైనా ఏమైనా పెడితే రెండుసార్లు వద్దనాలి, మూడోసారి తీసుకోవాలి. ఇక్కడ ఒకసారి వద్దంటే నిజంగానే వద్దనుకుంటారని గ్రహించి గబుక్కున తీసుకున్నాను. కారానికి కళ్ళ నీళ్ళు తిరిగాయి కానీ ఆ రొట్టె రుచి ఇప్పటికీ గుర్తుంది.

ఏం కొలువు అని ముసలాయన అడిగితే చెప్పాను.

"తాగుతవ్, ఉమ్ముతవ్. దానికి జీతమిస్తరా?" అన్నాడు.

"ఇస్తారు."

"మింగితె ఎక్కువిస్తరా?" అని అడిగి, తన మాటకు తానే నవ్వుకుంటూ కామారెడ్డి వచ్చేదాకా ఆపలేదు.

కామారెడ్డి

స్టేషన్ బయట ఇరానీ చాయ్ అర్ధరూపాయి. మా ఊళ్ళో కాఫీ గ్లాసు నిండా పోయకపోతే గొడవ పెట్టుకుంటారు. ఇక్కడ సగం కప్పు చాయ్ ముందు పెట్టుకుని గంటసేపు లోకాభిరామాయణం. చెరుకు గానుగల కాలం కావడంతో బజారంతా బెల్లం బండ్లు. ఊరు ఊరంతా పాకం వాసన వేస్తోంది.

సీసాల షెడ్డు బెల్లం మార్కెట్ వెనక సందులో ఉంది. దాని యజమాని యాకూబ్ భాయ్‌కి నలభై ఏళ్ళుంటాయి. అన్నదమ్ములు ఇద్దరూ గల్ఫ్‌లో ఉంటే ఈయన ఒక్కడే తండ్రి వ్యాపారం పట్టుకుని ఉండిపోయాడు. వైన్ సీసాలతో మీకు ఇబ్బంది లేదా అని అడిగాను.

"ఖాళీ సీస ఉత్త గాజే సాబ్. నిండు సీసను మాత్రం గడప తొక్కనియ్య" అన్నాడు.

షెడ్డులో పదకొండు మంది ఆడవాళ్ళు పనిచేస్తున్నారు. తొట్లలో వేడి సోడా నీళ్ళు, పొడుగాటి బ్రష్షులు, సీసాలు బోర్లించడానికి మేకులు కొట్టిన పలకలు. కానీ తొట్టి దాకా వెళ్ళే ముందు ప్రతి సీసా గుమ్మం దగ్గర పీట మీద కూర్చున్న రాజవ్వ చేతుల్లోంచి వెళ్ళాలి. యాభై అయిదేళ్ళ మనిషి. సీసా మూతి ముక్కు కింద పెట్టుకుంటుంది, ఒక్క గాలి పీలుస్తుంది, కుడికో ఎడమకో పెడుతుంది. కుడివైపువి మా కంపెనీకి. ఎడమవైపువి ఫినాయిలు చేసేవాళ్ళకు. కిరసనాయిలు ఒకసారి పట్టిన సీసాను ఎంత సోడాతో కడిగినా ఆ కంపు పోదు. అందుకే ఆ షెడ్డులో అసలు పని బ్రష్షుది కాదు, రాజవ్వ ముక్కుది. నింపిన బస్తా మీద ఆమె సుద్దతో అడ్డగీత గీస్తేనే లారీ ఎక్కుతుంది.

"అవ్వ చూసిన సీసల తప్పు ఉండదు సాబ్. పదహారేండ్ల సంది చూస్తున్న" అన్నాడు యాకూబ్ భాయ్.

నేను చాప పరిపించుకుని, ఆమె కుడివైపు పెట్టిన సీసాలు వంద తీసుకుని ఒక్కొక్కటే వాసన చూశాను. రెండు సీసాల్లో గుప్పుమని కిరసనాయిలు.

యాకూబ్ భాయ్ ఆ రెండూ అందుకుని తానూ చూశాడు. మొహం పాలిపోయింది. రాజవ్వ తల వంచుకుని ఇంకో సీసా అందుకుంది. రోజుకు అన్ని వందల సీసాలు చూస్తే ఎవరి ముక్కయినా అలిసిపోతుంది, అంతే అయ్యుంటుందనుకున్నాను. సోమవారం ఎనిమిది గ్లాసులకే నాకు తలనొప్పి వస్తుంది మరి.

"సీసలు ఎక్కడికెల్లి వస్తున్నయో గూడ చూడుండ్రి సాబ్. రేపు సాయిలు ఎల్లారెడ్డి పోతున్నడు, ఆయన ఎంబడి పోండ్రి" అన్నాడు యాకూబ్ భాయ్. సాయిలు ఊళ్ళు తిరిగి సీసాలు పోగేసే మనిషి. బయట మెట్టు దాకా వచ్చి యాకూబ్ భాయ్ గొంతు తగ్గించి ఇంకో మాట అన్నాడు. "మీ కంపెని తీసుకోకుంటె ఈ షెడ్డు నెల గూడ నడవది సాబ్. పదకొండు ఇండ్లు."

తాడ్వాయి మీదుగా

మర్నాడు పొద్దున సాయిలు తన సైకిలును, ఉల్లిపాయల బస్తాను బస్సు పైకెక్కించి నాకు కిటికీ పక్క చోటు పట్టిపెట్టాడు. తాడ్వాయిలో బస్సు ఆగినప్పుడు ఎవరో బాదం ఆకులో వేడి బెల్లం అమ్ముతుంటే కొన్నాను. పావలాకు అరచేయంత ముద్ద. వెనకా ముందూ చూడకుండా నోట్లో వేసుకుని నాలుక కాల్చుకున్నాను. రుచి చూడ్డమే బతుకుతెరువైన మనిషిని, ఆ రోజంతా నాలుక మొద్దుబారి ఏం తిన్నా ఒకటే అయింది. సాయిలు మాత్రం తన ముద్దను ఊదుకుంటూ తిన్నాడు.

"బెల్లం యాడికి పోతది సార్? ఆగి తినాలె" అన్నాడు.

ఎల్లారెడ్డి

బస్సు దిగాక సాయిలు సైకిలు నడిపించుకుంటూ, నేను వెనక నడుస్తూ వాడవాడా తిరిగాం. "సీసలుంటె తెండ్రి, ఉల్లిగడ్డలు తీస్కపోండ్రి!" అని అరిచేవాడు. మా వైపు పాత సామాను వాడికి చిల్లర ఇవ్వాలి. ఇక్కడ సీసాకు ఇన్ని ఉల్లిపాయలని లెక్క. ముసలాళ్ళు చీకటి వంటింట్లోంచి తడుముకుంటూ తెచ్చేవాళ్ళు, అటక మీంచి దింపేవాళ్ళు. గేదెకు మందు పోసిన సీసా, ఆముదం సీసా, తేనె సీసా. ఒక సీసాకు రెండు జన్మలు కాదు, నాలుగైదు ఉంటాయని నాకు అంతవరకు తెలియదు.

నర్సవ్వ అనే ఆవిడ వాకిట్లో ఒక సీసాను బూడిదతో, చింతపండుతో తోముతూ కనిపించింది. దగ్గరికెళ్ళి చూస్తే మా అన్నిటికన్నా పై లేబుల్ సీసా. కాగితం ఊడిపోయినా దాని మెడ ఒంపు నాకు తెలుసు. పెద్ద హోటల్లో తెల్లగుడ్డ కట్టి వడ్డించే సీసా ఇక్కడికి ఎలా వచ్చిందో దేవుడికే తెలియాలి. ఇత్తడి చెంబులా మెరుస్తోంది. సాయిలు దాన్ని ఎండకు పట్టి చూసి మెచ్చుకుని, మామూలు కంటే ఇంకో గుప్పెడు ఉల్లిపాయలు వేశాడు. నేను మూతి దగ్గర ముక్కు పెట్టాను. నాలుక మొద్దుబారినా ముక్కు బాగానే ఉంది. కిరసనాయిలు.

"ఇందులో ఏం పోసేవాళ్ళమ్మా?"

"గ్యాసునూనె. కంట్రోల్ దుకాణంకెల్లి తెచ్చుకుంటం గద" అంది నర్సవ్వ. రేషన్ షాపు కిరసనాయిలును అక్కడ అలాగే అంటారు.

"మరి ఇంత తోమారెందుకు?"

"నిరుడు దాకా తోమకపోదుము. మెరిసే సీసకు గుప్పెడు ఎక్కువిస్తమని సాయిలు చెప్పిండు. గప్పటి సంది వాడకట్టంత తోముతున్నం."

సాయిలు వైపు తిరిగాను. "నాకేం ఎరుక సార్? కంపెనోళ్ళే ఉత్తరం రాసిండ్రట. మురికి సీసలు వద్దు, మంచిగ తోమినయి ఉంటె ఎక్కువిచ్చి తేవాలె అని" అన్నాడు.

ఆ ఉత్తరం రాసింది నేను. ఎనిమిది లేబుళ్ళకూ శుభ్రమైన సీసాలు కావాలని, పైగా కొంచెం ఎక్కువ ఇచ్చినా పర్వాలేదని, ఏడాది కింద నా సంతకంతోనే వెళ్ళింది. కింద ఒక గీత కూడా గీశాను, ముఖ్యమైన సంగతి కదా అని. అంతకుముందు కిరసనాయిలు సీసా జిడ్డుతో, మూతికి గుడ్డపీలికతో, చూడగానే పట్టుబడేలా వచ్చేది. ఇప్పుడు అన్నిటికన్నా కంపు కొట్టే సీసా అన్నిటికన్నా శుభ్రంగా వస్తోంది. ఆ వాకిట్లో నిలబడి నాకు నిజంగా సిగ్గేసింది.

మధ్యాహ్నం అన్నం వేళయిందని నర్సవ్వ మమ్మల్ని కూర్చోబెట్టింది. జొన్నరొట్టె, పచ్చిపులుసు, వేయించిన చేపముక్క. తింటుండగా నా పని గురించి అడిగి తెలుసుకుని ఆవిడ బుగ్గన చెయ్యి పెట్టుకుంది.

"మేం గ్యాసునూనె పోసిన సీసల్నే మల్ల తాగేది పోస్తరా మీరు? థూ! మా ఇంట్ల దాంట్ల మంచినీళ్ళు గూడ పొయ్యం" అంది.

పులుసు ఇంకొంచెం పోయించుకున్నాను.

నర్సవ్వ తోమిన సీసాను, ఇంకో ఇంట్లో దొరికిన అలాంటిదే మరొకదాన్ని సంచిలో పెట్టుకుని సాయంత్రం బస్సు ఎక్కాను. దారంతా ఒక సంగతి తొలిచింది. సీసా ఎంత తోమినా వాసన లోపలే ఉంది, నాకు ఒక్క గాలికే తెలిసింది. పదహారేళ్ళుగా ఇదే పని చేస్తున్న రాజవ్వకు ఎందుకు తెలియలేదు?

మళ్ళీ షెడ్డు

మూడో రోజు పొద్దున నేను చేసిన పని గొప్పది కాదు. ఎవరూ చూడకుండా ఆ రెండు సీసాలను రాజవ్వ ముందున్న కుప్పలో కలిపి, దూరంగా కూర్చుని కనిపెట్టాను. వాటి వంతు వచ్చింది. ఆమె సీసాను తిప్పి చూసింది. అడుగు చూసింది, మెడ చూసింది, వేలితో సీసా మూతి అంచు రుద్దింది. అప్పుడు ముక్కు కింద పెట్టుకుని గాలి పీల్చింది. కుడివైపు పెట్టింది. రెండోదీ అంతే.

ఆమె తల ఎత్తేసరికి నా చూపు దొరికిపోయింది. మనిషిని అలా పట్టుకోవడం ఎంత నీచంగా ఉంటుందో నాకు అప్పుడే తెలిసింది.

అన్నాల వేళ తక్కినవాళ్ళు నీడకు వెళ్ళాక రాజవ్వ తానే వచ్చి నా పక్కన కూర్చుంది.

"ఎరుకైందా సారు?"

"ఎప్పటి నుంచి అవ్వా?"

"రెండు చలికాలాలు అయింది. తొమ్మిది దినాలు జొరం కాసింది. తగ్గినంక చూస్తె ముక్కు లేదు. పులుసు లేదు, పొగ లేదు, బెల్లం లేదు. మొదట్ల పడిశం అనుకున్న. వస్తది వస్తది అని చూసిన. రాలె."

"మరి ఇన్నాళ్ళూ?"

"కండ్లతోని చూస్తున్న. జిడ్డు ఎక్కడ పట్టింది, మూతికి ఏం పీలిక కట్టిండ్రు, అడుగుల ఏం మరక ఉన్నది. పదహారేండ్లు చూసిన చేతులు గద, ఒక యాడాది బాగనే నడిచింది. మల్ల ఈ మెరిసే సీసలు వచ్చినయి. అప్పటి సంది నాకు కనవడుతలేదు సారు."

"యాకూబ్ భాయ్‌కి చెప్పలేదా?"

"నా గీత చూసే గద మీ కంపెని బస్తా తీస్కునేది. గీతనే అబద్ధమని ఎట్ల చెప్తు? పదకొండు మంది బతుకుతున్నరు." కొంగుతో మొహం తుడుచుకుంది.

నేను యాకూబ్ భాయ్ బల్ల దగ్గర కూర్చుని అప్పటికప్పుడే రిపోర్టు రాశాను. తప్పంతా నా ఉత్తరం మీద వేసుకున్నాను. అది నిజమే. తోమిన సీసాలకు ఎక్కువ ఇవ్వడం ఆపేయాలని, వాసన చూడ్డానికి ఇంకో మనిషిని కలపాలని, షెడ్డు కొనసాగించాలని రాశాను. రాజవ్వ ముక్కు గురించి ఒక్క అక్షరం రాయలేదు. మంచి పని చేశాననే అనుకున్నాను. కొంచెం గర్వం కూడా కలిగింది.

పని మళ్ళీ మొదలయ్యే వేళకు ఆడవాళ్ళంతా తొట్ల దగ్గరికి వచ్చారు. రాజవ్వ బల్ల ముందుకొచ్చి నిలబడింది.

"ఏం రాసినవో సదువు సారు."

చదివాను. యాకూబ్ భాయ్ చేతులు జోడించబోయాడు. రాజవ్వ ఆగమన్నట్టు చెయ్యి ఎత్తింది.

"నా ముచ్చట ఏది?"

నేను కాగితం మడవబోయాను.

"నా మీద దయ తలిచి ఇడిసిపెట్టినవ్. బాగనే ఉన్నది. ఇయ్యాల గ్యాసునూనె సారు, తాగినోడు ఉమ్ముతడు, తిడతడు. గంతే. రేపు చేన్ల కొట్టే పురుగుల మందు సీస గిట్ల తోమి తెస్తె? నేను దాన్ని కూడ కుడిదిక్కే పెడుత. ఎవడన్న సస్తె, గప్పుడు ఈ కాయితం ఎవలు సదువుతరు?"

తొట్ల దగ్గర బ్రష్షుల చప్పుడు ఆగిపోయింది. యాకూబ్ భాయ్‌కి ఇంకా అర్థం కాలేదు. ఆమె అతని వైపు తిరిగింది.

"నాకు వాసన తెలుస్తలేదు యాకూబూ. రెండేండ్ల సంది."

"నాకు చెప్పకపోతివి గద అవ్వా" అన్నాడతను. కోపం కంటే బాధ ఎక్కువగా వినిపించింది.

"చెప్తె ఏం జేద్దువు బిడ్డా?"

ఆమె పీట మీద నుంచి తన గుడ్డ తీసుకుని, తొట్టి దగ్గర నిలబడ్డ లచ్చిమి అనే నడివయసు ఆవిడను చెయ్యి పట్టి తెచ్చి అక్కడ కూర్చోబెట్టింది. లచ్చిమి ఏడుస్తూ కూర్చుంది. రాజవ్వ వెళ్ళి లచ్చిమి బ్రష్షు అందుకుంది.

నేను ఆ కాగితం చింపి మళ్ళీ రాశాను. రాజవ్వ చెప్పింది చెప్పినట్టు రాశాను. ఇప్పుడు షెడ్డులో ఉన్న సీసాలన్నీ ఇంకో మనిషి మళ్ళీ చూసేదాకా ఒక్క బస్తా కూడా కదలకూడదని ఆమే రాయించింది. చదివి వినిపించాక తడి చెయ్యి చీరకు తుడుచుకుని వేలిముద్ర వేసింది.

తిరిగొచ్చాక

మర్నాడు రిపోర్టు పెద్దాయన బల్ల మీద పెట్టాను. కొనుగోళ్ళ మేనేజరు పై మూడు లేబుళ్ళకు కొత్త సీసాలు కొని, కామారెడ్డి సీసాలు అడుగు లేబుళ్ళకు వాడుకుందామన్నాడు. పెద్దాయన ఒప్పుకోలేదు. పైవాడు తాగకూడనిది కిందివాడు మాత్రం ఎందుకు తాగాలన్నాడు. ప్రతి సీసాను ఇద్దరు వాసన చూసే షరతు మీద షెడ్డును వచ్చే ద్రాక్ష కాలం దాకా చూద్దామన్నాడు. ఆ తర్వాత ఏమవుతుందో నాకు తెలియదు. యాకూబ్ భాయ్ రాసిన కార్డు ప్రకారం రాజవ్వ తొట్టి దగ్గరే ఉంది. నిలబడే పని కాబట్టి సాయంత్రానికి కాళ్ళు వాస్తున్నాయట.

ఆ రోజు మేనేజరు వెళ్ళిపోయాక పెద్దాయన రిపోర్టును మళ్ళీ మొదటి నుంచి చదివాడు. వేలిముద్ర దగ్గర ఆగాడు.

"ఈమె రాయమనకపోతే నువ్వు ఇది రాసేవాడివా?" అని అడిగాడు.

రాసేవాణ్ణి కాదని చెప్పాను. నోరు పెగల్చుకుని చెప్పాల్సొచ్చింది. కానీ ఒక ముసలామె పది మంది ముందు అంతకంటే కష్టమైన మాట చెప్పడం నేను అంతకు ముందు రోజే చూశాను.